అత్తగారి బుగ్గల మీద అమ్మవారు

నా చేతిమీదుగా బయటికి వెళ్ళిన మొహాల్లో మచ్చ ఉన్న మొహం ఒక్కటి కూడా లేదు. గొప్పకే చెబుతున్నాను, దాచడం ఎందుకు? రావులపాలెంలో మా స్టూడియో నడిచిన పాతికేళ్ళూ మా ఆయన ఫోటోలు తీశారు, నేను వాటికి మెరుగు పెట్టాను. మొదట్లో సన్నటి బ్రష్షుతో ప్రింటు మీదే దిద్దేదాన్ని, తర్వాత కంప్యూటరు వచ్చింది. పెళ్ళి సంబంధానికి పంపే ఫోటో అయితే రెండు ఛాయలు తెలుపు చేయాలి. పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేయించుకోవడానికి వస్తే బుగ్గలు నింపాలి, కళ్ళ కింద నలుపు తీసేయాలి. మొహం మీద నీడ పడిందంటే ఆ ఫోటో ఎవరూ తీసుకునేవారు కాదు, "మావోడి మొహం నల్లగా వచ్చిందేంటండీ" అని తిప్పి పంపేసేవారు. బొట్టు మరిచిపోయి వచ్చిన ఆడవాళ్ళకి బొట్టు కూడా నేనే పెట్టేదాన్ని. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా గోడ మీద నా పనితనం ఒకటి కనపడేది.

అంత చెయ్యి తిరిగినదాన్ని మా అత్తగారి దగ్గర బోల్తా పడ్డాను. ఆవిడకి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. డాక్టర్లు మశూచి అంటారు గాని మా ఇళ్ళలో ఆ మాట ఎవరూ అనరు. రెండు బుగ్గల మీదా, నుదుటి మీదా, ముక్కు కొస మీదా గుంటలు. మామగారి షష్టిపూర్తికి మా ఆయన వాళ్ళిద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి ఫోటో తీశారు. కోడలిగా నా ముచ్చట కొద్దీ మూడు రోజులు కూర్చుని అత్తగారి మొహం మీద ఒక్కో గుంటా పూడ్చాను. ఛాయ తేల్చాను. పెద్ద ఫ్రేము కట్టించి చుట్టాలందరి ముందూ విప్పితే అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి చూసి, "మీ మామగారి పక్కన ఈవిడెవరమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. అది మెచ్చుకోలనుకుని నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఆ తర్వాత ఆవిడ కెమెరా ముందుకి రాలేదు. మనవల పెళ్ళిళ్ళలో కూడా గ్రూపు ఫోటో అనేసరికి వంటల దగ్గర ఏదో పని గుర్తొచ్చేది. ఒక్క ఆధార్ కార్డుకి మాత్రం తప్పలేదు. ఆధార్ ఫోటో చూసుకుని సంతోషపడే మనిషి ఈ దేశంలో ఉంటారా? మా అత్తగారు పడ్డారు. ఆ కార్డుని పర్సులో పైకి కనపడేలా పెట్టుకుని అడగనివాళ్ళకి కూడా తీసి చూపించేవారు. ఆవిడది చాదస్తమని నేను మా ఆయనతో చాలాసార్లు అన్నాను.

మామగారు పోయారు. కెమెరా ఫోన్లు వచ్చాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని, నేను గంటసేపు కష్టపడి చేసే పని ఫోను రెప్పపాటులో చేసేయడం మొదలుపెట్టింది. మా ఆయన స్టూడియోని ఫ్లెక్సీల షాపు చేశారు. నాకు పని లేకుండా పోయింది, పని లేకపోతే నాకు కోపం ఎక్కువవుతుంది.

అలాంటి రోజుల్లో అన్నవరం వెళ్ళాం, వ్రతానికి. వ్రతం అయ్యాక కొండ మీద ప్రసాదం పొట్లం పట్టుకుని అత్తగారు మెట్ల మీద కూర్చున్నారు. ఎండ ఏటవాలుగా పడి ఆవిడ మొహం ఎంత బావుందంటే, చెయ్యి దానంతటదే ఫోను తీసింది. ఆవిడ చెంగు మొహానికి అడ్డం పెట్టేసుకున్నారు.

"ఒక్కటేనండి అత్తయ్యగారు, ఎవరికీ చూపించను" అన్నాను.

"నువ్వు తీత్తే వద్దులేమ్మా. నువ్వు తుడిచేత్తావు."

కోపంగా అనలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పారు. ఇరవై ఏళ్ళ కిందట ఆవిడ "ఈవిడెవరమ్మా" అని అడిగింది మెచ్చుకోలు కాదని నాకు ఆ మెట్ల మీద తెలిసింది. సిగ్గు వేసింది. సిగ్గేస్తే నాకు పౌరుషం కూడా వస్తుంది.

"అయితే ఫోటో వద్దు. రంగులతో వేస్తాను, ఒక్క మచ్చ కూడా వదలకుండా. అప్పుడు కూర్చుంటారా?"

"నేర్చుకో ముందు. చూత్తాలే" అన్నారు ఆవిడ, ప్రసాదం నోట్లో వేసుకుంటూ.

రాజమండ్రిలో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారున్నారని, నూనె రంగులతో మనుషుల బొమ్మలు వేయడంలో దిట్ట అని విని ఆ వారమే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆత్రేయపురం మీదుగా, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా రెండు బస్సులు. మా అత్తగారి బొమ్మ వేయాలండి, నెల రోజుల్లో నేర్పేయండి, మొహాలు నాకు కొట్టిన పిండే అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, లోపలికి వెళ్ళి అట్ట మీద అతికించిన పాత ప్రింటు ఒకటి తెచ్చారు.

"రొమాంటిక్ కాలం నాటిదమ్మా. యూరప్‌లో రెండొందల ఏళ్ళ కిందట వేసింది. దీన్ని చూసి దించండి. ఇది ఎప్పుడు వస్తే అప్పుడు మీ అత్తగారు."

రొమాంటిక్ అంటే ఏ తోటలోనో నిలబడ్డ జంట అనుకున్నాను. తీరా చూస్తే తెల్లటి కుళ్ళాయి పెట్టుకున్న ముసలామె. పొలం పని చేసిన మనిషి మొహం. ఒక పక్క నుంచి వెలుతురు పడుతోంది, రెండో పక్క సగం మొహం చీకట్లో కలిసిపోయింది. వెలుతురు పడ్డ బుగ్గ కూడా నున్నగా లేదు, దున్నిన చేనులా గరుగ్గా ఉంది. అప్పటిదాకా రాజులనీ దేవతలనీ నున్నగా వేసేవారట, ఆ కాలం వాళ్ళు విసుగెత్తి మామూలు మనిషిని, వాడి బాధతో సహా వేయడం మొదలుపెట్టారట. మాస్టారు చెబుతుంటే తల ఊపాను గాని, స్టూడియోలో అయితే ఈ ఫోటో తిప్పి పంపేసేవారు అని లోపల అనుకున్నాను.

వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు నెలలు వెళ్ళాను. బొగ్గుతో గీత గీయడం నాకు రెండు రోజుల్లో వచ్చేసింది, మాస్టారే ఆశ్చర్యపోయారు. నూనె రంగు మాత్రం నా మాట వినలేదు. కంప్యూటరులో తప్పు చేస్తే వెనక్కి పోవచ్చు, ఇక్కడ వెనక్కి పోతే బురదవుతుంది. పైగా వానాకాలం. గోదావరి పక్కన శ్రావణంలో వడియాలే ఆరవు, అవిసె నూనె కలిపిన రంగు ఎలా ఆరుతుంది? పది రోజులైనా వేలికి అంటుకునేది. ఒకరోజు దోమ ఒకటి వచ్చి ముసలామె ముక్కు మీద వాలి అక్కడే సమాధి అయిపోయింది, మాస్టారు దాన్ని సూదితో తీశారు. ఇవన్నీ ఓర్చుకున్నాను. బొమ్మ పూర్తయిన రోజు చీర మార్చుకుని మరీ వెళ్ళాను, ఫోటో విప్పే రోజుల్లో లాగా.

మాస్టారు ప్రింటునీ నా బొమ్మనీ పక్కపక్కన పెట్టి నా చేతికి అద్దం ఇచ్చారు. "ఇటు తిరిగి అద్దంలో చూడండమ్మా. అద్దంలో కన్ను మోసపోదు" అన్నారు. చూశాను. ప్రింటులో ముసలామె ఉంది. నా బొమ్మలో ఆవిడ కూతురో కోడలో ఉంది. బుగ్గలు నిండాయి, కళ్ళ కింద సంచులు పోయాయి, చీకట్లో ఉండాల్సిన సగం మొహంలో దీపం పెట్టినట్టు వెలుతురు వచ్చేసింది. నేను కావాలని చేసింది కాదు. పాతికేళ్ళు చేసిన పని చెయ్యి ఆగకుండా చేసుకుపోయింది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని నుదురు దగ్గరికి వంగారు. "ఇక్కడ ఈ ఎరుపు ఏంటమ్మా?"

బొట్టు. చిన్నదే, ఆవగింజంత. ఎప్పుడు పెట్టానో నాకు గుర్తు లేదు. బోడి నుదురు కనపడితే చెయ్యి వెళ్ళిపోతుంది, అంతే. రెండొందల ఏళ్ళ కిందటి దొరసాని ముసలమ్మకి ముత్తయిదువులా బొట్టు పెట్టి కూర్చోబెట్టాను. మాస్టారు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రంగుల పెట్టె అక్కడే వదిలేసి బస్సెక్కేశాను.

రెండు వారాలు వెళ్ళలేదు. మద్దెల ఓడని, గురువు మంచివాడు కాదని, ప్రింటు పాతదని, మా ఆయనకి అన్ని కారణాలూ చెప్పాను. ఆయన ఫ్లెక్సీ మీద ఎవరి పుట్టినరోజుకో మొహం తెల్లగా చేస్తూ, "నీకు తుడవడం వచ్చు, అది చాలదా" అన్నారు. ఆ మాట ఆయన మంచికే అన్నారు. నాకది తన్నినట్టు తగిలింది, అన్నవరం మెట్ల మీద విన్న మాటే కదా అది. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే రాజమండ్రి వెళ్ళి, "మళ్ళీ మొదట్నుంచి నేర్పండి" అన్నాను.

మాస్టారు ఈసారి తెల్లరంగు ట్యూబు లాగేసుకున్నారు. కాన్వాసు మొత్తం మట్టిరంగు ఒక్కటే పూయించారు. తర్వాత చేతికి పాత బనీను గుడ్డ ఇచ్చారు.

"మీకు తుడవడం బాగా అలవాటు కదా. తుడవండి. వెలుతురు పడ్డచోటే తుడవండి. మిగతాది ముట్టుకోవద్దు."

అలా రంగు తుడిచి మొహం తీయడం ఒక పద్ధతి అట. గుడ్డ వేలికి చుట్టుకుని నుదురు తుడిచాను, ముక్కు దూలం తుడిచాను. మట్టిలోంచి ముసలామె లేచి వచ్చింది. చీకటి సగం దగ్గరికి వెళ్ళేసరికి అక్కడా తుడవమని చెయ్యి లాగేసేది, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపుకున్నాను. నవ్వుతారేమో గాని నిజం. ఆ పైన రంగులు పల్చగా, పూతరేకు మీద పూతరేకు పరిచినట్టు పొర మీద పొర వేయించారు. బుగ్గ మీద గరుకు ఎలా తేవాలో అప్పుడే తెలిసింది. గుంట అంటే నల్ల చుక్క కాదు. వెలుతురు వచ్చే వైపు అంచున కాస్త నీడ, అవతలి అంచున కాస్త వెలుగు, ఈ రెండూ పక్కపక్కన పెడితే చర్మం దానంతటదే లోపలికి దిగుతుంది. గుంటలు పూడ్చడానికి స్టూడియోలో నేను చేసిందల్లా ఆ రెండిటినీ చెరిపేయడమే. తిరగేసి చేస్తే చాలు. అది తెలిశాక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

రెండో బొమ్మని మాస్టారు అద్దంలో చూశారు, తలకిందులుగా పెట్టి చూశారు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. "ఇంటికి పట్టుకెళ్ళండమ్మా" అని మాత్రం అన్నారు. ఆయన నోట అంతకంటే మంచి మాట రాదని అప్పటికి నాకు తెలుసు.

ఇంట్లో దాన్ని వరండాలో గోడకి ఆనించి పెట్టాను. అత్తగారు తోటకూర కట్ట పట్టుకుని వచ్చి దాని ముందు నిలబడిపోయారు.

"ఈవిడికీ అమ్మవారు పోసిందా?" అన్నారు చివరికి.

"తెలీదండి. పోసిందేమో. ఆ రోజుల్లో అక్కడా ఉండేదంట."

"పాపం." ఇంకాసేపు చూశారు. "రేపు పొద్దున్నే కూర్చుంటాను. పదకొండింటి దాకానే సుమా, తర్వాత వంటుంది."

వెనక వరండాలో ఉత్తరం వెలుతురు బావుంటుంది. అక్కడ స్టూలు వేశాను. ఆవిడ కదలకుండా కూర్చోలేరు, చేతిలో చేట ఉండాలి, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూనే కూర్చున్నారు. నేను మట్టిరంగు పూసి గుడ్డతో తుడుస్తున్నాను. ఆ గుడ్డ చూసి ఆవిడ ఉలిక్కిపడ్డారు. ఇది వేరే తుడవడమండి, వెలుతురు కోసం అని విప్పి చెప్పాల్సి వచ్చింది. నేను ఆవిడ మొహాన్ని అంత పరీక్షగా చూడడం అదే మొదలు. ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఎడమ బుగ్గ మీద ఎక్కువా కుడి బుగ్గ మీద ఎక్కువా అని అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

నాలుగో రోజో అయిదో రోజో, బుగ్గల దగ్గరికి వచ్చాను. గుంటలు ఒక్కోటీ వేస్తున్నానని ఆవిడకి నా చూపుని బట్టే తెలిసింది. చేట పక్కన పెట్టారు.

"మా చెల్లికీ నాకూ ఒకేసారి పోసిందమ్మా. నాకు ఎనిమిది, దానికి ఆరు. ఇద్దర్నీ ఒకే చాప మీద వేపాకులేసి పడుకోబెట్టారు. ఒళ్ళంతా మంట. దాని చెయ్యి నా చేతిలోనే ఉండేది. ఒకరోజు తెల్లారి లేచేసరికి చాప మీద నేనొక్కదాన్నే ఉన్నాను."

నేను బ్రష్షు కింద పెట్టేశాను.

"అడిగితే, అమ్మవారు దాన్ని తీసుకెళ్ళిందన్నారు. నాకు గుర్తు పెట్టి వదిలేసిందన్నారు. దానికి ఫోటో లేదు, బట్టలు కూడా కాల్చేశారు. దానిదంటూ ఉన్నది ఇవే." బుగ్గ మీద వేళ్ళు పెట్టుకున్నారు. "నువ్వు ఆ రోజు ఫోటోలో తుడిచేత్తే, చాప మీంచి దాన్ని మళ్ళీ తీసేసినట్టనిపించింది."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "నాకు తెలీదు అత్తయ్యగారండి" అన్నాను.

"నీకెలా తెలుస్తుంది? నేనెప్పుడైనా చెప్పానేంటి? మీ ఆయనకే తెలీదు." ఆవిడ మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకున్నారు. "వెయ్యి. పదకొండవుతోంది."

నెలన్నర పట్టింది. వేయడంలో ఇంక తడబాటు లేదు. ఇది నాకు వచ్చిన పని అని ప్రతి గుంట దగ్గరా తెలుస్తూనే ఉంది. నీడ, వెలుగు, నీడ, వెలుగు. ముక్కు కొస మీద రెండు, నుదుటి మీద వంకరగా మూడు, ఎడమ బుగ్గ మీద అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. చామనఛాయ అని మొహమాటపడకుండా నలుపుని నలుపుగా కలిపాను, ఆ నలుపులో ఎంత ఎరుపుందో, ఎంత నీలముందో అప్పుడే చూశాను.

అయిపోయిన రోజు ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని వచ్చి బొమ్మ ముందు నిలబడ్డారు. మాస్టారి ముందు కూడా నేను అంత భయపడలేదు. ఆవిడ వేలెత్తి, రంగుకి తగలకుండా, బుగ్గ మీది మచ్చల వెంట మెల్లగా జరిపారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా వేలు తీసుకెళ్ళి తన చెవి కింద, దవడ వెనక పెట్టుకున్నారు. అక్కడొక లోతైన గుంట. ఆవిడ చర్మం నేను ముట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఇది వెయ్యలేదు."

"అక్కడ నీడండి అత్తయ్యగారు. వేసినా కనపడదు."

"కనపడకపోతే లేనట్టేంటి?"

అప్పుడే బ్రష్షు కడిగి ఆ నీడలో వేశాను. నాకు తప్ప, ఆవిడకి తప్ప, అది అక్కడ ఉందని ఎవరికీ తెలియదు. ఆవిడ వంగి చూసి తల ఊపారు. "ఆఁ. నేనే" అన్నారు. ఇరవై ఏళ్ళుగా నా మీద ఉన్న బరువేదో దిగింది. పకోడీలు వేద్దామా అని కూడా అడిగాను.

ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు, చేట లేదు.

"దాన్ని కూడా వేత్తావా?"

ఎవరినని నేను అడగక్కర్లేదు. "ఫోటో లేదు కదండి" అన్నాను.

"నన్ను చూసి వెయ్యి. నా పోలికే అనేవారు. కళ్ళు కాత్త పెద్దవి. నాకంటే చాయ తక్కువ."

"మచ్చలతోనా అండి?"

పెరట్లో కొబ్బరి మట్ట ఒకటి రాలిన చప్పుడైంది, అటు చూశారు, మళ్ళీ నా వైపు తిరిగారు.

"వద్దు. దానికి వద్దు. జ్వరం రాకముందు ఎలా ఉందో అలా వెయ్యి. మచ్చలన్నీ నా దగ్గరుంటాయిలే."

మర్నాడు పొద్దున్న ఆవిడ స్నానం చేసి వచ్చి స్టూలు మీద కూర్చుని మొహం వెలుతురు వైపు తిప్పారు. నేను కొత్త కాన్వాసు మీద మట్టిరంగు పూసి, గుడ్డ వేలికి చుట్టుకుని, ఆ డెబ్భై ఎనిమిదేళ్ళ మొహం మీంచి ఒక్కో గుంటా పూడ్చుకుంటూ ఆరేళ్ళ పిల్ల దాకా వెళ్ళడం మొదలుపెట్టాను.